ముందు ఆ కంపుకో పేరు పెట్టండి

మూడేళ్ల కిందట వినాయక చవితికి మా అత్తగారు పార్వతీపురం నుంచి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి అడుగు పెడుతూనే కొంగు ముక్కు దాకా తీసుకెళ్లారు. నేను చూస్తున్నానని గమనించి, అదే కొంగుతో నుదురు తుడుచుకుని, “అబ్బ, ఏం ఉక్కపోతమ్మా మీ వైజాగులో” అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక మాత్రం కొడుకుని బాల్కనీలోకి పిలిచి గొంతు తగ్గించి అడిగారట: “ఒరేయ్, ఆ దివాన్ కింద ఎలకేదైనా చచ్చిందేమో చూసుకున్నారా?”

ఎలకేం చావలేదు. దివాన్ మీద మాత్రం ఒక శాల్తీ నిక్షేపంగా గురకపెడుతోంది. నల్ల లాబ్రడార్, పేరు బొగ్గు, ఆడది, అప్పటికి ఆరేళ్లు, 35 కిలోలు.

మా ఆయన ఈ మాట చెప్పగానే నాకు ఒళ్లు మండింది. ఆవిడకి కుక్కంటే పడదు, మడీ ఆచారం మనిషి, అందుకే అలా అనిపించిందని అరగంట సేపు నాలో నేనే వాదించుకున్నాను. ఎందుకంటే నాకు నిజంగానే ఏ వాసనా రావడం లేదు. పొద్దున్నే లేచి ఇల్లంతా తిరుగుతూ ఎగబీల్చి మరీ చూశాను. కాఫీ వాసన, పూజ దగ్గర పత్రి వాసన, అంతే.

కుక్కల్ని పెంచేవాళ్లం అందరం ఆడే అబద్ధం ఒకటుంది: “మా దానికి అసలు వాసనే రాదండీ.” కావాలని ఆడే అబద్ధం కాదిది. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే కొన్ని నిమిషాల్లోనే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసేవాళ్లు ఆ గుట్టల పక్కనే కూర్చుని హాయిగా టీ తాగుతారు. మనం ఆ గేటు దాటేదాకా ఊపిరి బిగబడతాం. అమెరికాలో 1990ల్లో ఫెబ్రీజ్ అనే స్ప్రే వచ్చినప్పుడు దాని కంపెనీకీ ఇదే చిక్కొచ్చి పడింది. దుర్వాసనని నిజంగానే పట్టేసే సరుకు అది. కానీ ఎవరి ఇల్లు ఎక్కువ కంపు కొడుతోందో వాళ్లే కొనలేదు, వాళ్లకి ఆ కంపు తెలిస్తేగా! చివరికి దాంట్లో సెంటు పెంచి, ఇల్లంతా సర్దుకున్నాక ఆఖర్న కొట్టుకునే సువాసనగా ప్రచారం చేస్తే అప్పుడు అమ్ముడుపోయింది.

అంచేత ఇంటి వాసన విషయంలో సొంత ముక్కుని నమ్మకూడదు. ఊరెళ్లి వచ్చి తాళం తీసిన మొదటి అర నిమిషం మాత్రం నమ్మొచ్చు. మిగతా రోజుల్లో ఇరుగుపొరుగు ముక్కు అప్పు తెచ్చుకోవాల్సిందే. నేను ఎదురు ఫ్లాట్ ఆవిడని అడిగాను. చాలాసేపు మొహమాటపడి, “లిఫ్టు దగ్గరికే తెలుస్తుందమ్మా” అన్నారు. నాలుగేళ్లుగా రోజూ పలకరించుకుంటున్నాం. ఒక్కసారి కూడా చెప్పలేదు పాపం.

తర్వాత రెండు వారాలు మేం చేసిన పనులు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. నేల తుడిచే నీళ్లలో ఫినాయిలు రెండింతలు చేశాం. హాల్లో పొద్దున అగరబత్తి, సాయంత్రం సాంబ్రాణి. ప్లగ్గుకి పెట్టే సెంటు ఒకటి, బాత్రూంలో వేలాడే సెంటు ఇంకొకటి. నెలకోసారి పోసే స్నానం వారానికి రెండుసార్లయింది. ఆ నీళ్లలో గాయాలకి వాడే గోధుమరంగు సీసా మందు రెండు మూతలు. దివాన్ సందుల్లో కలరా ఉండలు వేశాను. పదిహేను రోజులకి మా ఇల్లు ఎలా తయారైందంటే, గుళ్లో చేపల బజారు పెట్టినట్టు. బొగ్గు ఒళ్లంతా గోక్కోవడం మొదలుపెట్టింది. స్నానం అయిన మరుక్షణం కిందికి పరిగెత్తి మట్టిలో దొర్లేది. ఆ మల్లెపూల షాంపూ మనకి సువాసన కావచ్చు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలైతే దాని ముక్కులో 20, 30 కోట్ల దాకా ఉంటాయంటారు. ఆ ముక్కేసుకుని ఆ ఇంట్లో అది ఎలా నిద్రపోయిందో ఏమో.

గోకుడు ఎక్కువై పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. పెద్దాయన, రిటైరయ్యాక ఇంటి కింద చిన్న క్లినిక్ పెట్టుకున్నారు. కంపు సంగతి కూడా చెప్పాను. ఆయన రాసుకుంటున్న పెన్ను ఆపి, “కంపు సరే. ఏం కంపు?” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“నీచు వాసనా? పులిసిన వాసనా? ముక్కిన వాసనా? కుళ్లు వాసనా? ఉచ్చ వాసనా? కంపు కంపంటే నాకేం తెలుస్తుందమ్మా.”

నేను జవాబు చెప్పలేకపోయాను. నాకు వచ్చిన వాసనల్లా ఫినాయిలు, మల్లెపూలు, సాంబ్రాణి. ఈ వ్యాసంలో నా గొడవంతా ఇదే. వాసన మీద వాసన పోస్తే మొదటిది పోదు సరికదా, అది ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పే ఆనవాలు పోతుంది. దొంగతనం జరిగిన గది కడిగేసి, ముగ్గేసి, ఆ తర్వాత పోలీసుల్ని పిలిచినట్టు. మన భాషలో వాసనలకి ఇన్ని మాటలున్నాయి. బియ్యం ముక్కితే ఒకటి, పప్పు మాడితే ఒకటి, పాలు విరిగితే ఒకటి. వంటింట్లో గుమ్మం దగ్గరే నిలబడి ఏది మాడిందో చెప్పేస్తాం. కుక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం అన్నిటికీ కలిపి కంపు అని ఒకే మాట.

డాక్టరు గారు గోకుడికి మందు ఇచ్చి, పది రోజులు సెంటు, అగరబత్తి, ఫినాయిలు, స్నానం అన్నీ బంద్ అన్నారు. కలరా ఉండల మాట విని గట్టిగా కేకలేశారు. అవి నాఫ్తలీన్. కుక్క ఒక్కటి మింగినా ప్రమాదమే. కర్పూరమూ అంతే. నల్ల ఫినాయిల్లో ఉండే ఫీనాల్ జాతి రసాయనాలు తడినేల మీంచి దాని పాదాలకి అంటుకుంటాయి, అది పాదాలు నాక్కుంటుంది. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా ప్రమాదం, దాని కాలేయం వీటిని సరిగ్గా వదిలించుకోలేదు. గోధుమరంగు సీసా మందూ ఆ కుటుంబానిదేనట.

ఆ పది రోజులూ నరకం అనే చెప్పాలి. కిటికీలన్నీ తీసిపెట్టాం. నేను మాత్రం ఆరో రోజు నుంచి, ఆఫీసు నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా, ముక్కు అలవాటు పడేలోపు, బొగ్గుని తల నుంచి తోక దాకా వాసన చూడటం మొదలుపెట్టాను. అది ఎంత సంతోషించిందో! ఆరేళ్లలో మొదటిసారి ఈ మనిషికి మర్యాద తెలిసిందనుకుని ఉంటుంది.

పాదాలు పేలాల వాసన. వేయించిన మొక్కజొన్న, అచ్చం. కుక్కకి చెమట పట్టే చోట్లు ముఖ్యంగా పాదాల అడుగులే, ఆ చెమ్మలో బ్యాక్టీరియా పెరిగి ఆ వాసన వస్తుంది. అది మామూలే, దాన్ని ఏమీ చేయక్కర్లేదు. వీపు మీద పాత దుప్పటి వాసన. ఎడం చెవి ఎత్తి ముక్కు పెట్టాను: మూడో రోజు ఇడ్లీ పిండి. కుడి చెవి ఏమీ లేదు. తోక కింద, అక్కడ ముక్కు పెట్టక్కర్లేకుండానే, నీచు వాసన గుప్పుమంది. దివాన్ మీద అది పడుకునే మూల కూడా అదే నీచు. దివాన్ కింది భాగం మాత్రం వేరు, ముక్కు పొడిచే ఉచ్చ వాసన. ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు గారికి చూపించాను. ఆయన చదివి, “ఇప్పుడు చెప్పావు” అన్నారు.

నీచు వాసన గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో ప్రతివాళ్లూ దానికి కారణం నాకు ముందే చెప్పేశారు. ఆదివారాలు దాన్ని లాసన్స్ బే వైపు సముద్రానికి తీసుకెళ్తాం కదా, చచ్చిన చేపల మీద దొర్లుతుంది, అందుకే అన్నారు. నేనూ అదే నమ్మాను. సముద్రానికి తీసుకెళ్లడం నెలరోజులు మానేశాను కూడా. అసలు కారణం సముద్రానికీ చేపలకీ సంబంధమే లేనిది. కుక్కకి మలద్వారానికి అటూ ఇటూ, గడియారంలో 4, 8 అంకెలుండే చోట, తోలు కింద రెండు చిన్న తిత్తులుంటాయి. మలం గట్టిగా వచ్చినప్పుడు ఆ ఒత్తిడికి అవి కొంచెం కొంచెం ఖాళీ అవుతుంటాయి. ఒక కుక్క ఇంకో కుక్క వెనకాల వాసన చూసేది వీటి కోసమే. మలం మెత్తగా వస్తున్నా, ఒళ్లు పెరిగినా ఇవి నిండిపోయి, ఆ ద్రవం చిక్కబడిపోతుంది. అప్పుడు కుక్క పిర్రలు నేలకి ఆనించి ముందుకాళ్లతో ఈడ్చుకుంటూ పోతుంది. బొగ్గు అలా పోతుంటే మేం పకపకా నవ్వుకుని వీడియో తీసి ఇంటిల్లిపాది వాట్సాప్ గ్రూపులో పెట్టాం. మా పెదనాన్న నులిపురుగులు అన్నారు. పాపం అది దురదో నొప్పో చెప్పుకోలేక నేలకి రాసుకుంటుంటే మేం ఎమోజీలు పెట్టుకున్నాం.

డాక్టరు గారు గ్లవ్స్ వేసుకుని, దూది అడ్డం పెట్టి, ఒక్కొక్కటీ నొక్కారు. ముద్దలా, బూడిదా గోధుమా కలిసిన రంగులో వచ్చింది. ఎండుచేపల బుట్టలో తుప్పుపట్టిన మేకులు పోసినట్టు ఉంది ఆ వాసన. మా ఆయన గదిలోంచి బయటికి వెళ్లిపోయారు. నేను మాత్రం గుర్తుపట్టాను: అత్తగారి ఎలక ఇదే. భయపడినప్పుడు కూడా ఇవి ఒక్కసారిగా వదిలేస్తాయని ఆయన అన్నాక అంతకుముందు ఏడాది దీపావళి గుర్తొచ్చింది. బాంబుల చప్పుడికి ఆ రాత్రంతా దివాన్ మూలకి ఒదిగి వణికింది. ఆ మూలకి ఆ వాసన అప్పుడే పట్టి ఉంటుంది.

వైద్యం కన్నా తిండి మార్చడమే అసలు పని అయింది. రోజూ పొద్దున పాలూ రొట్టే పెట్టేవాళ్లం. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు పడవు, విరేచనం పల్చబడుతుంది. పాలు మానేశాం. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన గుమ్మడికాయ రెండు గరిటెలు కలిపాం. ఆడ లాబ్రడార్ 25 నుంచి 32 కిలోల లోపు ఉండాలట, అక్కడికి దించడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొన్ని గ్రూమింగ్ పార్లర్లలో స్నానానికి తీసుకెళ్లిన ప్రతిసారీ ఆ తిత్తులు నొక్కేస్తారు, అవసరం ఉన్నా లేకపోయినా. ఇబ్బంది లేనప్పుడు వాటి జోలికి పోవద్దని, ఊరికే నొక్కితే వాచే ప్రమాదం ఉందని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

ఇడ్లీ పిండి వాసన ఈస్టుది. పిండి పులియడంలో బ్యాక్టీరియాతో పాటు ఈస్టుకీ చెయ్యుందిగా, ముక్కు అబద్ధం చెప్పలేదు. దీని పేరు మలసీజియా, కుక్క చర్మం మీద కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. వేలాడే చెవులు, లోపల తడి, పైగా వైజాగు గాలి. ఇంకేం కావాలి దానికి! పది రోజులు చుక్కల మందు వేస్తే పోయింది. ఇప్పుడు సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో ఉప్పు కడిగి, చెవులు ఆరబెట్టే మందు వేసి, దూదితో తుడుస్తాను. కొబ్బరినూనె పోయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. చెవిలో చెమ్మ ఉండకూడదంటుంటే నూనె పోయడం ఏమిటో!

నోటి వాసన సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కుళ్లు వాసనైతే పళ్లు, చిగుళ్లు. మూడేళ్లు దాటిన కుక్కల్లో చాలావాటికి చిగుళ్ల జబ్బు ఎంతో కొంత మొదలై ఉంటుంది. మన టూత్‌పేస్టు వాడకూడదు, అది ఉమ్మెయ్యలేదు, పైగా కొన్నిటిలో ఉండే జైలిటాల్ కుక్కలకి విషం. నోట్లోంచి ఉచ్చ వాసన వస్తే మూత్రపిండాల పరీక్ష చేయించాలి. వీటికి సెంటు కొట్టి ఊరుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా.

స్నానం దగ్గర నాకు అందరితోనూ గొడవే. కంపు వస్తే స్నానం పోయాలి, ఇంకా వస్తే ఇంకా పోయాలి, ఇదే మనకి తెలిసిన లెక్క. మన చర్మం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, పీహెచ్ 5.5 అటూ ఇటూ. కుక్కది 7కి దగ్గర. మన షాంపూతో వారానికి రెండుసార్లు తోమితే దాని ఒంటి నూనె పోయి చర్మం పగిలిపోతుంది, ఆ పగుళ్లలో బ్యాక్టీరియా, ఈస్టు ఇంకా బాగా పెరుగుతాయి. కుంకుడుకాయ మంచిదే కదా అంటారు. కుంకుడు రసం కళ్లలో పడితే మనమే లబలబలాడతాం. ఇక తడికుక్క వాసన అనేది, జుట్టు మీద ఉన్న సూక్ష్మజీవులు తయారుచేసిన పదార్థాలు నీటి ఆవిరితో పాటు గాల్లోకి లేవడం వల్ల వచ్చేది. అంటే స్నానం ఎంత పోశామన్నది కాదు, ఎంత బాగా ఆరబెట్టామన్నదే లెక్క. లాబ్రడార్‌కి రెండు పొరల జుట్టు. పై పొర ఆరినట్టే ఉంటుంది, వేలు లోపలికి పోనిచ్చి చూస్తే అడుగున చల్లగా తడి. వానాకాలంలో ఇక్కడ గాలిలో తేమ 80 శాతం దాటిన రోజున ఆ తడి దానంతటది ఎప్పటికి ఆరేను? నేను ఇప్పుడు నెలకోసారే పోస్తాను. పోసిన రోజు మూడు పాత తువ్వాళ్లు, స్టాండు ఫ్యాను, గంటన్నర టైము. మిగతా రోజుల్లో పొద్దున పది నిమిషాలు దువ్వడం. దువ్వితే వచ్చే ఆ బూడిదరంగు మెత్తటి జుట్టు ఉందే, పాత దుప్పటి వాసనంతా అందులోనే ఉంటుంది.

కుక్క బాగుపడింది. ఇల్లు బాగుపడలేదు.

దివాన్ కింది ఉచ్చ వాసన మాత్రం అలాగే ఉంది. బొగ్గు పిల్లగా ఉన్నప్పుడు పోసినవి. ఎప్పటికప్పుడు తుడిచేశాం, ఎండాకాలమంతా వాసనే ఉండేది కాదు, జూన్ దాటి వానలు పడగానే లేచేది. ఉచ్చలో ఉండే యూరియాని బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది, ముక్కు పొడిచేది అదే. అందులోనే కొద్దిగా యూరిక్ ఆమ్లం లవణాలూ ఉంటాయి. అవి నీళ్లలో సరిగ్గా కరగవు, పీచుల్లో పట్టుకుని ఉండిపోతాయి. గాలిలో చెమ్మ పెరిగినప్పుడల్లా మళ్లీ వాసన వదులుతాయి. తుడుపుకి పోయింది నీళ్లే, వాసనకి మూలమైన సరుకు అక్కడే ఉంది.

దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి ఒకటి మా ఆయన తెచ్చారు. రాత్రి తొమ్మిదింటికి లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు మూసి హాల్లో వేశాం. నేను మంచం అంచు మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ ఉండదులే అన్న ధైర్యం. టార్చి దివాన్ మీద పడగానే పసుపూ ఆకుపచ్చా కలిసిన మరకలు, ఒకటి కాదు, దివాన్ కాళ్ల దగ్గర, పక్క చెక్క మీద జెర్రిలా కారిన గీత, గోడ అంచు పట్టీ వెంబడి మచ్చలు మచ్చలుగా. ఆరేళ్ల కిందటి బొగ్గు చరిత్రంతా అక్కడ రాసి ఉంది. మా ఆయన లుంగీ కూడా తెల్లగా మెరిసిపోతుంటే ముందు హడలిపోయాను. అది బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే సరుకట, నీలంగా తెల్లగా వెలుగుతుంది. రెండిటికీ తేడా చూసుకోవాలి.

ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది, ఉచ్చలోని పదార్థాల్ని విరగ్గొట్టి పారేసే రకం. నాకు మొదటి సీసా దండగైంది, తప్పు నాదే. అప్పటికే ఫినాయిలు పట్టిన చోట పోశాను, పని చేయలేదు. ఎంజైములూ, వాటితో ఉండే బ్యాక్టీరియా పని చేయాలంటే అక్కడ క్రిమిసంహారకం ఉండకూడదు. రెండోసారి ముందు ఉత్త నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, ఆరనిచ్చి, తర్వాత పోశాను. ఉచ్చ ఎంత లోతుకి దిగిందో మందు కూడా అంత లోతుకి దిగాలి. పైపైన చల్లి గుడ్డతో తుడిస్తే లాభం లేదు. పోసి, ప్లాస్టిక్ కాగితం కప్పి, రాత్రంతా తడిగా ఉంచి, మర్నాడు ఎండలో పడేశాం. చెక్కకీ గోడకీ పోయింది. దివాన్ స్పాంజికి మూడుసార్లు చేసినా పోలేదు. దాన్ని చివరికి పారేశాం. కొత్త స్పాంజికి 2,800 అయింది. అంతకుముందు సెంట్లకి తగలేసింది లెక్క కట్టలేదు, కడితే ఏడుపొస్తుంది.

చాలామంది వెనిగర్ అంటారు, వంట సోడా అంటారు, రెండూ కలిపి పొయ్యమంటారు. విడివిడిగా రెండూ కొంత పనికొస్తాయి. అమ్మోనియా, నీచు వాసనకి కారణమైన అమీన్లు క్షార గుణం ఉన్నవి, పులుపు తగిలితే లవణాలుగా మారి గాల్లోకి లేవడం మానేస్తాయి. చేపల పులుసులో చింతపండు పోసేది, చేపలు కడిగాక చేతికి నిమ్మచెక్క రుద్దుకునేది ఇందుకేగా. కానీ వెనిగర్, సోడా కలిపితే బుసబుస పొంగి ఒకదాన్నొకటి తినేస్తాయి, మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఆ పొంగు చూసి శుభ్రమైపోతోందని మురిసిపోవడం తప్ప ఏమీ ఉండదు. పైగా మన ఇళ్లలో నేల ఏమిటో చూసుకోవాలి. పాలరాయి, తాండూరు బండ, బేతంచెర్ల రాయి ఇవన్నీ సున్నపు జాతివి. వెనిగర్ పడితే పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఉచ్చ మీద బ్లీచింగ్ మాత్రం అసలు పోయొద్దు. అమ్మోనియాతో కలిసి ఊపిరి ఆడనివ్వని వాయువు వస్తుంది. మూసిన బాత్రూంలో నేనొకసారి ఆ పని చేసి దగ్గుతూ బయటికి పరిగెత్తాను.

ఇంకా మిగిలిన వాసన ఎక్కడుందో కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఏసీ. పొద్దంతా బాగానే ఉండేది, రాత్రి ఏసీ వేయగానే పడగ్గదిలో పాత దుప్పటి వాసన. మూత తీసి చూస్తే ఫిల్టరు కనబడలేదు, దాని మీద నల్ల కంబళి కప్పినట్టు జుట్టు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, గదిలో ఉన్న గాలినే పీల్చి వదులుతుంది. ఆ జుట్టులోంచి, ఆ చెమ్మలోంచి. ఇప్పుడు పదిహేను రోజులకోసారి ఫిల్టరు కడుగుతాను. వాషింగ్ మెషీన్ తలుపు దగ్గర రబ్బరు మడతలోనూ ఇదే కథ. కుక్క దుప్పట్లు దులపకుండా వేస్తే జుట్టు అక్కడ చేరి కుళ్లి, ఆ తర్వాత ఉతికిన మన బట్టలకీ పడుతుంది. బట్టలు మెత్తబడటానికి పోసే ఆ సువాసన ద్రావణం కూడా మానేశాను, పీచుల మీద పొరలా పట్టేసి లోపలి వాసనని అక్కడే ఉంచుతుంది.

ఇంత చదివాక కొందరు అడుగుతారు, మా అత్తగారూ అడిగారు: “ఇంత అవస్థ దేనికమ్మా? బయట కట్టేస్తే పోలా?” మాకు బయట లేదు, మూడో అంతస్తు. ఉన్నా కట్టనేమో. కానీ ఆవిడ ప్రశ్నని కొట్టిపారేయను. అపార్ట్‌మెంట్లో కుక్కల్ని పెంచొద్దని అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది, లిఫ్టు కూడా వాడుకోనివ్వాలి. ఈ కాగితం ప్రింటు తీసి జేబులో పెట్టుకుని తిరిగే కుక్కల యజమానులు నాకు తెలుసు. మంచిదే. కానీ లిఫ్టులో మన తర్వాత ఎక్కేవాళ్లు పీల్చే గాలి గురించి ఆ కాగితంలో ఏమీ లేదు. అది మన పూచీ. “కుక్కన్నాక వాసన రాదా” అని ఎదురు తిరగడం నాకు నచ్చదు. సెంటు కొట్టుకుని ఏమీ లేనట్టు నటించడం అంతకన్నా నచ్చదు. వానాకాలంలో మా ఇంట్లో ఇప్పటికీ కొంచెం కుక్క వాసన ఉంటుంది. ఎదురింటావిడ నెలకోసారి వచ్చి ముక్కు అప్పిచ్చి వెళ్తారు, “ఈసారి పర్లేదమ్మా” అనో “కర్టెన్లు ఉతుకు” అనో చెప్పి. మొహమాటం పోయింది ఆవిడకి.

బొగ్గుకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. మూతి చుట్టూ తెల్లబడింది. మొన్న బుధవారం ఆఫీసు నుంచి రాగానే హాల్లో తేడా తెలిసింది. దాని చాప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను. నీచు కాదు, పులుపు కాదు. ఉచ్చ, అదీ చాలా పల్చగా. అది పడుకుని లేచిన చోట అరచేయంత తడి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్కలకి వయసు మీద పడ్డాక కొన్నిటికి మూత్రం ఆపుకునే పట్టు సడలుతుందట, నిద్రలో దానికి తెలియకుండానే కారిపోతుంది. దానికి మాత్రలున్నాయి, చాలావాటికి పనిచేస్తాయి అన్నారు డాక్టరు గారు. కాకపోతే ముందు ఇన్ఫెక్షన్ లేదని చూసుకోవాలి. రేపు పొద్దున్నే మొదటి ఉచ్చ పట్టి తెమ్మన్నారు. పొడుగు కాడ ఉన్న పాత గరిటె ఒకటి మరగబెట్టి గుమ్మం పక్కన పెట్టాను.